పగ్గం పట్టిన చెయ్యి

రాత్రంతా వీచిన గాలి తెల్లారేసరికి ఆగింది. గిడ్డంగి గంట మోగగానే ఊళ్లో ఉన్న ఎద్దులన్నీ దాని ముందుకు చేరాయి. వాటి ముక్కుల్లోంచి వస్తున్న ఆవిరికి మనుషుల మొహాలు సరిగ్గా కనబడడం లేదు. నేసాకి అదొక్కటే కాస్త ధైర్యంగా ఉంది. తనను ఎవరూ చూడకపోతే బాగుండునని అనుకుంటూనే, ఒక చేత్తో బ్లెస్ కొమ్మును గట్టిగా పట్టుకుని నిలబడింది.

బ్లెస్ నేసా వాళ్ళ ఎద్దు. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఎద్దులన్నింటికీ ఆ లోయలో అదే పేరు. కానీ ఊళ్లో ఎవరైనా ‘బ్లెస్’ అంటే నేసా తండ్రి యోరి ఇంటి ఎద్దు అనే అర్థం. మంచు పడ్డాక, కొండ దాటించే కనుమ మీదికి ముందు నడిచేది అదే. మిగతావి దాని అడుగుల్లో అడుగులేస్తాయి.

వంతుల పెద్ద లూట్సి గిడ్డంగి మెట్టు మీద నిలబడి, మెడలోంచి తాడు తీశాడు. తాడుకు చెక్కబిళ్ళలు గుచ్చి ఉన్నాయి. ఇంటికొక బిళ్ళ, బిళ్ళ మీద ఆ ఇంటి గుర్తు. ఒక్కో బిళ్ళనీ వేళ్ళ మధ్యకు తెచ్చుకుని ఇంటిపేరు పిలుస్తాడు. ఆ ఇంటి మనిషి తన ఎద్దు కొమ్ము మీద చెయ్యేసి ‘ఉన్నాం’ అనాలి. మంచులో బాట కొట్టడానికి పలికిన ఇంటికే ఆ చలికాలమంతా సరుకు మోసే వంతు. పలకని ఇంటి బిళ్ళ తాడు మీంచి దిగి, గిడ్డంగి తలుపు పక్కనున్న మేకుకు వేలాడుతుంది, మంచు కరిగేదాకా.

“టోన్స్ ఇల్లు!”

“ఉన్నాం! మా ఆవిడ దుప్పటి లాగేసింది కాబట్టి ఉన్నాం. లేకపోతే ఇంకా పక్కమీదే ఉందుము.”

అందరూ నవ్వారు. నవ్వు ఇంకా ఆగకుండానే లూట్సి వేళ్ళు తరవాతి బిళ్ళ మీదికి జరిగాయి.

“యోరి ఇల్లు.”

నేసా నోరు తెరిచింది. నిన్న సాయంత్రం కొట్టంలో బ్లెస్‌కు గడ్డి వేస్తూ ఆ మాట ఎన్నోసార్లు అని చూసుకుంది. అక్కడ బాగానే వచ్చింది. ఇప్పుడు తలలన్నీ తనవైపు తిరిగేసరికి మాట గొంతులోనే ఉండిపోయింది, గడ్డకట్టిన పాలకుండలో గరిటెలాగా.

లూట్సి ఆమె తలగుడ్డ వైపు చూశాడు. కొమ్ము మీది చేతినీ చూశాడు. చూశాడని ఆమెకు తెలుసు.

“యోరి ఇల్లు,” అన్నాడు రెండోసారి, మొదటిసారి కంటే మెల్లగా. మూడోసారి ఇంకా మెల్లగా. తరవాత ముడి విప్పి బిళ్ళను తాడు మీంచి దింపాడు. “లేదు.”

వెనక నుంచి ఎవరో అన్నారు. “పిల్ల ఎదురుగానే నిలబడి ఉంది కదా లూట్సీ.”

“నిలబడితే చాలదు, పలకాలి. అయినా కనుమ మీద ఆడపిల్ల పగ్గం పట్టుకుని నడుస్తుంటే అవతలి ఊరివాళ్ళు మన మొహం మీదే నవ్వరూ?”

ఆ మాటకు ఎందుకో మగవాళ్ళందరూ ఒక్కసారిగా తమ బూట్ల వైపు చూసుకున్నారు. ఒకడు అనవసరంగా దగ్గాడు. తన మీద జాలిపడి తలలు దించుకున్నారనుకుంది నేసా. ఆమె చెవులు మండిపోయాయి.

“ముందు నడిచేది మాత్రం బ్లెస్సే,” అన్నాడు లూట్సి బిళ్ళను మేకుకు తగిలిస్తూ. “టోన్స్, రేపు దాని పగ్గం నువ్వు పట్టు. యోరి వంతు ఈ ఏడాదికి మీ ఇంటికి కలుస్తుంది.”

టోన్స్ నోరు వెళ్ళబెట్టాడు. అతను కోరుకున్నదేమీ కాదు. కానీ వద్దనీ అనలేదు.

ఇంట్లో యోరి పొయ్యి పక్కన బల్ల మీద పడుకుని ఉన్నాడు. దుంగ మీద పడి విరిగిన కాలికి రెండు పలకలు కట్టి ఉన్నాయి. నేసా లోపలికి రాగానే అతను ఆమె మొహం చూశాడు. ఇక ఏమీ అడగనక్కర లేకపోయింది. అయినా అడిగాడు.

“పిలిచాడా?”

“పిలిచాడు.”

“పలికావా?”

నేసా చేతికున్న ఉన్ని తొడుగు తీసి పొయ్యి అంచు మీద ఆరేసింది. దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పింది.

“నోరు రాలేదు నాన్నా.”

“కళ్ళెదురుగా మనిషి కనబడుతుంటే మూడుసార్లు పిలవడం దేనికి?” అంది తల్లి ఉర్షులా, బార్లీ జావ కలుపుతున్న గరిటె ఎత్తి పట్టుకుని. “లూట్సికి చూపేమైనా మందగించిందా? నువ్వూ అతనూ ఒకే పాలు తాగి పెరిగారు, అవసరానికి ఇదా?”

“కట్టుబాటు కట్టుబాటే ఉర్షులా,” అన్నాడు యోరి.

“కట్టుబాటును జావలో వేసుకుని తాగుతామా?”

ఆమె గింజల పెట్టె మూత ఎత్తింది. లోపలికి చూసి, మళ్ళీ మూసేసింది. ఆ ఊళ్లో పండేది గడ్డి ఒక్కటే. కనుమకు దక్షిణాన ద్రాక్ష పండుతుంది, చెస్ట్‌నట్ కాయలు రాలతాయి. ఉత్తరాన లోయ దిగితే రై ధాన్యపు పొలాలు. నడుమ ఈ ఊరు. ఇక్కడ తినేదేదీ పండదు, కానీ అన్నీ ఇక్కణ్ణుంచే పోవాలి. ఎవరో ఒకప్పుడు ఇంత ఎత్తున, వేసవి మూడు వారాలకు మించని చోట, మొదటి ఇంటికి దుంగలు పేర్చారంటే కారణం అదొక్కటే. దక్షిణాన చియవెన్నా నుంచి వచ్చే వైన్ పీపాలూ బియ్యమూ ఒక ఊరి భుజాల మీంచి ఇంకో ఊరి భుజాల మీదికి మారుతూ కొండ దాటతాయి. ఎవరి మంచు వాళ్ళకే తెలుసు కాబట్టి, ఎవరి ఎల్లవరకే వాళ్ళ మోత. వంతు ఉన్న ఇంటికి వారం వారం గింజలు వస్తాయి. వంతు లేని ఇల్లు వసంతం వచ్చేలోగా ఆవును అమ్ముకుంటుంది.

జావ తాగడం అయింది. యోరి చెంచా పక్కన పెట్టాడు.

“ఎద్దును ఇంకొకరి చేతికిచ్చినా, దాని మేత మోయడానికి ఆ ఇంటి మనిషి వెంట పోవచ్చు. పాత కట్టుబాటే. లూట్సి కాదనలేడు.”

“ఎవరు పోతారు?” అంది ఉర్షులా.

“నువ్వు పోతే ఆవును ఎవరు పితుకుతారు?”

ఇద్దరూ నేసా వైపు చూశారు. ఆమె గిన్నె అడుగున ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది.

“నేసా, విను. పైన ఎల్ల మీది గుర్తుకంబం దగ్గరికి చేరేసరికి పగ్గం నీ చేతిలో ఉండేట్టు చూసుకో.”

“ఎందుకు నాన్నా?”

యోరి పొయ్యి వైపు మొహం తిప్పుకున్నాడు. “ఉండేట్టు చూసుకో. మిగతాది నేను చెప్పకూడదు.”

మర్నాడు వెలుతురు రాకముందే బయల్దేరారు. ముందు ఏ బరువూ లేకుండా బ్లెస్, దాని పగ్గం పట్టుకుని టోన్స్. వెనక ఇంకో నాలుగెద్దులు, వాటి వెనక బాటను నున్నగా చేసే చెట్టుమొద్దు లాగుతున్న జోడీ, ఆ వెనక పారలతో మనుషులు. అన్నిటికంటే చివర, సరుకు కట్టిన చక్రాల్లేని బళ్ళు. నారబట్టల బేళ్ళూ, జున్ను చక్రాలూ. నేసా వీపు మీద గడ్డిమోపుతో బ్లెస్‌కు పక్కగా నడుస్తోంది. లూట్సి ఆమెను చూసి కనుబొమ్మలెత్తాడు.

“మేత,” అంది నేసా.

“మేతే మొయ్యి మరి,” అన్నాడు లూట్సి. కాదనలేదు.

ఊరి పచ్చికలు దాటేవరకూ టోన్స్ నోరు ఆగలేదు. “హోయ్ బ్లెస్! హోయ్ నా రాజా! నీ యజమాని కాలు విరిగితే నీకు నేను దొరికానా, నాకు నువ్వు దొరికావా?” అతను అరిస్తే ఎద్దు నడిచింది. మంచు మోకాలి లోతు దాటాక ఇంకా గట్టిగా అరిచాడు. ఎద్దు ఇంకొంచెం నడిచింది.

కొండ మీది చివరి గడ్డికొట్టం దగ్గర అందరూ ఆగారు. ఎవరూ చెప్పకుండానే ఎద్దుల మెడగంటల్లో గడ్డి కుక్కడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి పైన గుర్తుకంబం దాకా రెండువైపులా నిటారు చరియలు. కొత్త మంచు పాత మంచు మీద ఇంకా అతుక్కోలేదు. ఒక కేక చాలు, ఒక గంట చాలు, అదంతా మీదికి జారడానికి అంటారు. అందుకే ఆ కొట్టం దాటాక మనిషి నోరు విప్పకూడదు. పిలవాలంటే చెయ్యి ఊపాలి. దగ్గొస్తే మోచేతి మడతలో దగ్గాలి. నేసా తన ఉన్ని తొడుగు విప్పి, బ్లెస్ గంటలో పిడికెడు గడ్డి పెట్టి, నాలుక కదలకుండా బొటనవేలితో నొక్కింది.

కొట్టం దాటారు. మంచు ఎద్దు ఛాతీ దాకా వచ్చింది.

అక్కడ బ్లెస్ ఆగిపోయింది.

టోన్స్ పగ్గం లాగాడు. కదల్లేదు. నోరు తెరిచి, అరవకూడదని గుర్తొచ్చి మూసుకున్నాడు. మళ్ళీ లాగాడు. వెనక వరసంతా ఆగిపోయింది. లూట్సి చేతులూపి ముందుకు, ముందుకు అని సైగ చేశాడు. టోన్స్ కర్రతో ఎద్దు తొడ మీద ఒకటి వేశాడు. అది తల పక్కకు తిప్పి అతన్ని చూసింది, అంతే. చెమట పట్టిన ఎద్దు ఆ చలిలో ఎక్కువసేపు నిలబడితే ఒళ్ళు బిగుసుకుపోతుంది. అది అక్కడున్న అందరికీ తెలుసు. టోన్స్‌కి ఎద్దును తోలడమంటే అరవడమే. అరుపు పోయాక అతని చేతుల్లో ఇంకేమీ మిగల్లేదు.

నేసా గడ్డిమోపు దింపింది. ఎద్దు తలకు ఎడమపక్కగా, మంచులో నడుం లోతు దిగింది. అరచేతిని దాని చెవి వెనక పెట్టి ఊరుకుంది. ఏమీ చెయ్యలేదు. ఎద్దు ఊపిరి గబగబా వస్తోంది. అది కాస్త నెమ్మదించేదాకా ఆగింది. రోజూ పైకొట్టాల నుంచి గడ్డి దింపేటప్పుడు ఆమె దానితో ఒక్క మాటా మాట్లాడదు. మాట్లాడాలని తోచదు. అది ఎప్పుడు ఊపిరి తీసుకుంటుందో, ఎప్పుడు బరువు వెనక కాళ్ళ మీదికి తెచ్చుకుంటుందో చేతికి తెలుస్తూ ఉంటుంది. ఇప్పుడూ తెలిసింది. బరువు వెనక్కి వచ్చిన క్షణాన ఆమె అరచేతితో చిన్నగా తట్టింది.

బ్లెస్ లేచింది. ముందు కాళ్ళు రెండూ ఎత్తి, ఛాతీతో మంచు మీద పడింది. మంచు ఒక నిట్టూర్పు శబ్దంతో విడిపోయింది. మళ్ళీ ఆగింది. ఊపిరి. మళ్ళీ లేచింది.

టోన్స్ చేతిలో పగ్గం ఉంది కానీ ఎద్దు ఎటు లేస్తుందో తెలియక అతను రెండుసార్లు బోర్లా పడ్డాడు. రెండోసారి లేచినప్పుడు గడ్డం నిండా మంచుతోనే పగ్గం తెచ్చి నేసా చేతిలో పెట్టాడు. తరవాత వెనక్కి పోయి ఒకరి దగ్గర పార తీసుకున్నాడు. లూట్సి అంతా చూశాడు. నోరు తెరిచాడు కూడా. కానీ అక్కడ మాట్లాడకూడదు.

ఇలా మాటలు అక్కర్లేని చోటు ఒకటి ఉంటుందని నేసా ఎప్పుడూ అనుకోలేదు. ఇక్కడ ఎవరూ ఆమెను ఏమీ అడగరు. వెనక పారలు మంచును కోస్తున్న చప్పుడు, మొద్దు ఈడుస్తున్న చప్పుడు, ఎద్దు ఊపిరి. వెనక్కి తిరిగి చూస్తే, ఇంతసేపూ ఏమీ లేని తెలుపులో ఒక బాట ఉంది. ఎద్దు ఛాతీ వెడల్పున మొదలై, ఒక్కో ఎద్దూ నడిచేకొద్దీ గట్టిపడుతూ, చివరికి మొద్దు కింద నున్నగా అయి, బళ్ళను మోస్తోంది. చిన్నప్పటి నుంచి గిడ్డంగి ముందు వైన్ పీపాలు దించడం చూస్తూనే ఉంది. అవి ఇలా వస్తాయని, ఒక ఎద్దు ఛాతీ అంత వెడల్పు సందులోంచి, ఇంతమంది మూసుకున్న నోళ్ళ మధ్య నుంచి వస్తాయని ఇవాళే తెలిసింది. ఈ మనుషులు కింద ఎంత గోల చేసేవాళ్ళు! పైన ఒక్కొక్కడూ తన పార మోత ఎంతో, పక్కవాడి పార ఎక్కడ పడుతుందో చూసుకుంటూ, అలసినవాణ్ణి భుజం తాకి వెనక్కి పంపి తను ముందుకొస్తూ, ఒకే ఒళ్ళులా కదులుతున్నారు. లూట్సి కూడా. అతని మీసాలకు మంచు వేలాడుతోంది. అందరికంటే లోతుగా తవ్వుతున్నది అతనే. అతని మీద కోపం ఉంచుకుందామని చూసింది గానీ, అది ఆ చలికి నిలవలేదు.

ఎండ ఎదురుగా వచ్చేసరికి నేల చదునైంది. చరియలు రెండూ దూరంగా జరిగాయి. మంచులోంచి గుర్తుకంబం తల కనిపించింది. ఇక మాట్లాడొచ్చు. కానీ అలవాటు తప్పి ఎవరూ వెంటనే మాట్లాడలేదు.

కంబానికి అవతలి నుంచి మంచు ధూళి లేస్తోంది. దక్షిణపు ఊరివాళ్ళు తమ వైపు నుంచి బాట కొట్టుకుంటూ వస్తున్నారు. ముందుగా ఒక నల్లెద్దు తల కనిపించింది, దాని పక్కన దాని పగ్గం పట్టుకున్న మనిషి. పొడుగాటి ఉన్ని ముసుగు, చేతిలో పొట్టి కర్ర. ఆ మనిషి కంబం దగ్గరికొచ్చి, ఎద్దును ఆపి, ముసుగు వెనక్కి తోసుకుంది.

తల నెరిసింది. జడ చుట్టి పైకి కట్టి ఉంది. చెవులకు చిన్న వెండి పోగులు.

నేసా చేతిలో పగ్గం జారబోయింది. చుట్టూ చూసింది. ఆశ్చర్యపోయినది తనొక్కతే. మగవాళ్ళందరూ టోపీలు తీశారు.

“క్షేమమేనా దొమెనిగా?” అన్నాడు లూట్సి. నేసా అతని గొంతు అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు.

“క్షేమమే లూట్సీ. మీరు ఆలస్యం. మా ఎద్దు నిద్రపోయి లేచింది.” ఆమె రెండు భాషలు కలిసిన కనుమ మాటలో మాట్లాడుతోంది. “యోరి ఏడీ?”

“కాలు విరిగింది. ఇదిగో, టోన్స్…” లూట్సి టోన్స్‌ను మోచేత్తో ముందుకు నెట్టాడు. టోన్స్ మంచు అంటిన చెయ్యి చాచాడు.

దొమెనిగా ఆ చెయ్యి చూసింది. తరవాత పార చూసింది.

“నీ చేతిలో పగ్గం లేదుగా నాయనా.”

టోన్స్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దొమెనిగా అతన్ని దాటుకుని వచ్చి నేసా ముందు నిలబడింది. తన నల్లెద్దు పగ్గాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుని కుడి చెయ్యి చాచింది. కంబం దగ్గర రెండువైపుల ముందెద్దుల పగ్గాలు పట్టిన ఇద్దరూ చేతులు కలపాలి. కలిపాకే సరుకు చేతులు మారుతుంది. మాట పోయినా, మూట పోయినా, అవతలివాళ్ళు అడిగేది ఆ చేతినే, ఆ ఇంటినే. ఊరి తాడు మీది బిళ్ళలకంటే పెద్ద కట్టుబాటు అది. రెండు ఊళ్ళకూ చెందింది కాబట్టి ఏ ఒక్క ఊరూ మార్చలేదు.

నేసా చెయ్యి చాచింది. దొమెనిగా అరచేయి తన తండ్రి అరచేయిలాగే ఉంది. బొటనవేలి మొదట అదే కాయ, పగ్గం ఒరుసుకునే చోట.

“ఎవరింటి ఎద్దు?”

ఇది అడగాల్సిన ప్రశ్న. దీనికి అందరికీ వినబడేట్టు చెప్పాల్సిన జవాబు ఉంది. నేసా పగ్గాన్ని బిగించి పట్టుకుంది. అందరూ చూస్తున్నారు. కానీ దొమెనిగా రెండోసారి అడగలేదు. తొందరా పడలేదు. చెయ్యి వదలకుండా, ఎద్దు ఊపిరి కోసం ఆగే మనిషిలాగా, ఆగింది.

“యోరి ఇల్లు,” అంది నేసా.

“యోరి ఇల్లు!” అని దొమెనిగా వెనక్కి తిరిగి తన వాళ్ళకు చెప్పింది. “యోరి ఇల్లు,” అని వాళ్ళు ఒకరి తరవాత ఒకరు అందుకున్నారు. ఆ మాట వాళ్ళ వరస పొడుగునా పీపాల బళ్ళ దాకా పోయింది. అప్పుడు చూసింది నేసా, ఆ వరసలో సగం మందికి తనకున్నలాంటి ఆడవాళ్ళ తలగుడ్డలే ఉన్నాయి.

పీపాలు దింపుతుండగా దొమెనిగా సంచిలోంచి కాల్చిన చెస్ట్‌నట్ కాయలు తీసి ఆమె చేతిలో పోసింది. నేసా రై రొట్టె విరిచి సగమిచ్చింది.

“మీరు… ఎన్నాళ్ళ నుంచి?” నేసా వాక్యం పూర్తి చెయ్యలేకపోయింది.

“పగ్గమా? మా మగవాళ్ళు చలికాలం నగరాలకు పనికి పోతారమ్మా. మిలాన్ అని కొందరు, వెనిస్ అని కొందరు. వాళ్ళు పోయారని కనుమ ఆగుతుందా? నా పెద్దపిల్ల చంటిదిగా ఉన్నప్పుడు పట్టుకున్నాను. ఇప్పుడు అదిగో, మూడో ఎద్దు దానిది.” ఆమె కాయ ఒలుచుకుంటూ లూట్సి వైపు చూసి గొంతు పెంచింది. “ఏం లూట్సీ! మీ ఊళ్లో ఆడవాళ్ళే లేరేమో, పాపం వండిపెట్టేవాళ్ళు కూడా లేరేమో అనుకున్నాను ఇన్నేళ్ళూ. అందుకే మీకు చెస్ట్‌నట్‌లు కాల్చి తెస్తున్నాను.”

దక్షిణం వాళ్ళు విరగబడి నవ్వారు. ఇటువైపు మగవాళ్ళు నిన్నటిలాగే బూట్ల వైపు చూసుకున్నారు. ఆ చూపు ఎందుకో ఇప్పుడు అర్థమైంది నేసాకి.

దిగేటప్పుడు బాట సులువుగా ఉంది. మాటలు లేవు. చివరి గడ్డికొట్టం దగ్గర ఆగి, నేసా బ్లెస్ గంటలోంచి గడ్డి లాగేస్తుంటే లూట్సి పక్కకు వచ్చి నిలబడ్డాడు. మీసాల మంచు పిండుకున్నాడు. ఎద్దు వీపు నిమిరాడు. మళ్ళీ మీసాలు పిండుకున్నాడు.

“ఎద్దు బాగా నడిచింది.”

“ఊఁ.”

“మీ నాన్న అంతా చెప్పే పంపాడా?”

“నాన్న ఏమీ చెప్పలేదు లూట్సి మామా. కంబం దగ్గర పగ్గం నా చేతిలో ఉండాలన్నాడు, అంతే.”

లూట్సి కాసేపు ఆమెను చూసి, ఇష్టం లేకుండానే నవ్వాడు. “యోరీ! కాలు విరిగినా బుర్ర విరగలేదురా నీకు.” తరవాత గొంతు తగ్గించాడు. “చూడమ్మాయ్. పైన సంగతి పైనే ఉండాలి. అది మా అందరి మాట. పోయిన ఏడు నాకు జ్వరమొస్తే మా ఆవిడ పగ్గం తను పడతానంది. ఆడది ఆ మంచులో నిలవదన్నాను. ఇప్పుడు ఇది తెలిసిందంటే నేను ఇంట్లో నిలవను.”

నేసా ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం అందరికీ అలవాటే కాబట్టి, లూట్సి దాన్ని ఒప్పుకోలు కింద తీసుకుని నిశ్చింతగా ముందుకు నడిచాడు.

గిడ్డంగి దగ్గర పీపాలు దించాక, అతను మేకు మీంచి యోరి ఇంటి బిళ్ళ తీశాడు. కంబం దగ్గర పలికిన పేరును కింద కాదనే అధికారం ఏ వంతుల పెద్దకీ లేదు. అతను బిళ్ళను మళ్ళీ తాడుకు గుచ్చాడు. టోన్స్ పక్కనుంచి అన్నాడు.

“నా వంతు పోయింది కదా, కనీసం ఆ ఎద్దు నన్ను రెండుసార్లు పడేసిందని మా ఆవిడకు చెప్పకండి.”

ఇంట్లో ఉర్షులా కూతురి తడిబూట్లు లాగుతూ అడిగింది. “ఏమైంది? బిళ్ళ ఎక్కిందటగా? పైన ఎవరు చెయ్యిచ్చారు నీకు?”

యోరి పొయ్యి దగ్గర ఊపిరి బిగబట్టుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు. ఎన్నో చలికాలాలు ఆ చెయ్యి అందుకున్న మనిషి. ఇంటికొచ్చి ఏనాడూ దాని గురించి ఒక్క మాట అనలేదు. నేసా తండ్రిని చూసింది. అతని మీద కోపం లేదు. కానీ అతనిలా తను ఊరుకోవాలని కూడా అనిపించలేదు. మాట్లాడకపోవడం ఎక్కడ పనికొస్తుందో ఇవాళ చూసింది. అది చివరి గడ్డికొట్టం పైన. ఈ ఇల్లు దానికి చాలా కింద.

“దొమెనిగా అని, అవతలి ఊరావిడ,” అంది. “నల్లెద్దు పగ్గం ఆవిడదే. వాళ్ళ వరసలో సగంమంది ఆడవాళ్ళే అమ్మా.”

ఉర్షులా చేతిలో బూటు అలాగే ఉండిపోయింది. మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

“ఎవరూ అడగలేదు,” అన్నాడు యోరి, పైకప్పుతో.

మళ్ళీ మంచు పడి, గాలి ఆగి, గిడ్డంగి గంట మోగిన రోజున ఎద్దుల వెనక ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరూ వాళ్ళను పిలవలేదు. ఒకరు పాలచెంబుతో వచ్చారు, ఒకరు చంటిపిల్లతో. లూట్సి భార్య గిడ్డంగి మెట్టు పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. ఏమీ అనడం లేదు. ఆ ఏమీ అనకపోవడం చూసి లూట్సి తాడు తీయబోతే అది రెండుసార్లు మెడకే చిక్కుకుంది.

“టోన్స్ ఇల్లు.”

“ఉన్నాం,” అన్నాడు టోన్స్. ఇవాళ హాస్యం లేదు. అతని భార్య పక్కనే ఉంది.

లూట్సి వేళ్ళు తరవాతి బిళ్ళ మీదికి జరిగాయి.

“యోరి ఇల్లు.”

తలలన్నీ తిరిగాయి. నేసా చెయ్యి బ్లెస్ కొమ్ము మీద ఉంది. మాట గొంతులోనే ఉంది, పోయినసారి ఉన్నచోటే. ఆమె దాన్ని లాగలేదు. బరువు వెనక కాళ్ళ మీదికి వచ్చేదాకా ఆగింది. లూట్సి కూడా ఆగాడు. రెండోసారి పిలవలేదు.

“ఉన్నాం.”

పెద్ద గొంతేమీ కాదు. కానీ మెట్టు మీద మనిషికి వినబడలేదనడానికి వీల్లేదు. బ్లెస్ తల విదిలించింది. ఇంకా గడ్డి పెట్టని దాని గంట ఊరంతా వినబడేట్టు మోగింది.